సరిహద్దు దాకా షికారు

"ఎవడిదయ్యా ఈ కారు? గాడిద కాకపోతే గుమ్మానికి అడ్డంగా ఎవడైనా పెడతాడా!"

చిట్టి ఎవరిని తిట్టాలన్నా తెలుగులోనే తిడుతుంది. ఆ పరాయి దేశంలో తన తిట్లు ఎవరికీ అర్థం కావన్న ధీమా ఆమెది. అందులోనూ ఇప్పుడు మూతికి మాస్కు కూడా ఉంది.

ఆ రోజు ఆమె కోపానికి కారణం ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడిన పిన్ని ఇంటికి వచ్చింది. అంబులెన్సు గుమ్మం దాకా రావడానికి వీల్లేకుండా ఒక పాత ఎర్ర కారు అడ్డంగా నిలబడి ఉంది. చలిగాలిలో చక్రాల కుర్చీలో కూర్చున్న పిన్ని దుప్పట్లో ముడుచుకుపోయి వణుకుతోంది.

లోపలినుంచి ఒక యువకుడు ఒక కాలికే చెప్పు తొడుక్కుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాస్కులోంచి వచ్చే ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి, అతనికి ముందున్నదేమీ కనపడుతున్నట్టు లేదు.

"ఒక్క నిమిషం అండీ. గాడిద వచ్చేసింది. తీసేస్తుంది" అన్నాడు, శుభ్రమైన తెలుగులో.

చిట్టి మొహం ఎర్రబడింది. మాస్కు ఉండటం ఎంత మంచిదో ఆ మహమ్మారి మొదలైన తర్వాత ఆమెకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

కుర్చీలో పిన్ని నీరసంగా నవ్వింది. "మన భాష అబ్బాయే చిట్టీ. ఇంకో నాలుగు తిట్టకపోయావా, తెలుగు విని పాపం ఎన్నాళ్ళయిందో."

ఆ భవనంలో లిఫ్టు పాడై పడి ఉంది. అంబులెన్సువాళ్ళు పిన్నిని కుర్చీతో సహా మూడో అంతస్తుకు మోసుకెళ్తుంటే, కారు తీసి వచ్చిన అతను పక్కకు ఒదిగి నిలబడ్డాడు. అతని చొక్కా జేబు మీద ఒక లిఫ్టు కంపెనీ గుర్తు కుట్టి ఉంది. అది చిట్టి కంటపడింది.

"మీరు లిఫ్టులు బాగుచేస్తారా? మరి ఇదేంటి?"

"ఇది వేరే కంపెనీ వాళ్ళదండీ. నేను చెయ్యి పెడితే నా ఉద్యోగం పోతుంది."

"బాగుంది. ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కుతాయి, దిగుతాయి. మీరుండే ఇంట్లోది మాత్రం కదలదు."

"మీకు కోపం తగ్గాక మళ్ళీ పరిచయం చేసుకుంటానండీ" అని అతను రెండో అంతస్తులో తన గదిలోకి వెళ్ళిపోయాడు. సరిగ్గా చిట్టి వాళ్ళ కిందిల్లు. ఈమధ్యే అద్దెకు దిగినట్టున్నాడు.

అమ్మ పోయాక చిట్టిని పెంచింది పిన్నే. ఒక బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తూ, ఈ దేశానికి తెచ్చి చదివించి, కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం వచ్చేదాకా వెంట నిలబడింది. రోజూ ఉదయం నడిచి పనికి వెళ్ళి, సాయంత్రం నడిచి వచ్చే మనిషి. ఇప్పుడు మంచం మీంచి వంటగది దాకా వెళ్తే గోడ పట్టుకుని నిలబడిపోతోంది.

"నడవాలి" అన్నాడు డాక్టరు. "రోజూ కొంచెం ఎక్కువ నడవాలి. లేకపోతే ఈ ఆయాసం ఇలాగే ఉండిపోతుంది."

పిన్ని మాత్రం గుమ్మం దాటనంది. "ఆ గాలంటేనే నాకు భయంగా ఉందే. దిగడం సరే, మళ్ళీ ఎక్కేదెలా? నన్నిలా వదిలెయ్."

వదిలెయ్యడం చిట్టికి చేతకాని పని. మర్నాడు ఉదయం పిన్నికి చెప్పులు తొడిగి, తలుపు తీసి చూస్తే, మెట్ల ప్రతి మలుపులోనూ ఒక కుర్చీ వేసి ఉంది. కింద తన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు లిఫ్టబ్బాయి. ఆ పేరు పిన్ని పెట్టిందే.

"నిన్న మీ మాటలు బాల్కనీలోంచి వినపడ్డాయి పిన్నిగారూ. మెట్లెక్కుతున్నాననుకోకండి. చుట్టాలిళ్ళకు వెళ్ళినట్టు ఒక్కో కుర్చీలో కాసేపు కూర్చుంటూ రండి. మా ఇల్లే మొదటి చుట్టాలిల్లు."

ఆ రోజు పిన్ని మొదటి కుర్చీ దాకానే దిగి వెనక్కి వచ్చేసింది. అయినా ఆయాసపడుతూ "రేపు రెండో చుట్టాలింటికి వెళ్దాం" అంది. చిట్టికి అదే చాలు.

ఆ వారంలోనే లిఫ్టబ్బాయి కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చాడు. ఒక్కొక్కరినే లోపలికి రానిచ్చే రోజులవి. అతని కళ్ళజోడు కాడకి టేపు చుట్టి ఉంది.

"దీని మీద ఎవరు కూర్చున్నారు?"

"నేనేనండీ. లాక్‌డౌన్ అని టీవీలో చెప్పగానే కంగారులో సోఫాలో కూలబడ్డాను."

చిట్టి నవ్వు ఆపుకుని చిన్న స్కేలు తీసింది. కనుపాపల మధ్య దూరం కొలవాలి. అందరూ ఒకరికొకరు దూరంగా జరుగుతున్న కాలంలో, ఒక మనిషికి అంత దగ్గరగా వెళ్ళడానికి ఆమె ఉద్యోగం ఒప్పుకుంటుంది.

"నా కుడి కంట్లోకి చూడండి. ఇప్పుడు ఎడమ కంట్లోకి."

"రెండూ ఒకేసారి చూడకూడదా?"

"కొలత తప్పుతుంది."

"ఇప్పటికే తప్పిందండీ."

ఆ కొలతను ఆమె మళ్ళీ మళ్ళీ తీయవలసి వచ్చింది. తప్పు ఎవరిదో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ప్రభుత్వం ఒక కొత్త నియమం తెచ్చింది. ఒంటరిగా ఉంటున్నవాళ్ళు ఇంకొక్క ఇంటితో జత కట్టవచ్చు. ఆ రెండిళ్ళవాళ్ళూ కలిసి తినవచ్చు, ఒకే కారులో తిరగవచ్చు. కానీ ఒక్క ఇంటితోనే. ఒకసారి ఎంచుకుంటే మార్చుకోవడానికి లేదు.

"ఇదేదో పెళ్ళి మంత్రంలా ఉందే" అంది పిన్ని, టీవీ చూస్తూ. ఆ తర్వాత చిట్టి వైపు చూసింది. చిట్టి కిటికీ వైపు చూసింది.

పిన్నికి మెట్లు అలవాటయ్యాయి. ఇక ఆమెను ఊరవతలికి, మంచి గాలి ఉన్న చోటికి తీసుకెళ్ళాలి. బస్సంటే పిన్నికి హడలు. కారు లిఫ్టబ్బాయి దగ్గరుంది. కాబట్టి ఇది కేవలం కారు కోసమేనని చిట్టి తనకు తాను గట్టిగా చెప్పుకుని, బాల్కనీలోంచి కిందికి వంగింది.

"ఏవండీ, మీరు ఒంటరిగానే ఉంటున్నారు కదా. మాతో జత కడతారా?"

అనేశాక, ఆ మాట చెవికెలా వినపడిందో తెలిసి నాలుక కరుచుకుంది.

కిందినుంచి అతను తల పైకెత్తాడు. "నేను ఇదివరకే మాటిచ్చేశానండీ. ఒకావిడకి."

"ఓహో."

"ఆవిడకి ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ లేరు."

"ఓహో."

"అసలు సంగతేంటంటే..." అని అతను మొదలుపెట్టేలోగా ఫోను మోగింది. ఎక్కడో ఒక ఆసుపత్రి లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారు. పనిముట్ల సంచి భుజానికేసుకుని అతను పరుగెత్తాడు.

చిట్టి కుండీలో మొక్కకు నీళ్ళు పోసింది. ఆలోచనలో పడి ఎంత పోసిందంటే, కింది బాల్కనీలో వాన కురిసింది.

మర్నాడు అతనే మెట్ల దగ్గర ఆపాడు. "కలిసి కారులో కూర్చోకూడదన్నారు గానీ, కారు ఇవ్వకూడదని ఎవరూ అనలేదు కదా. మీరు నడపండి."

"నాకు లైసెన్సు ఉంది. ధైర్యం లేదు. పరీక్ష పాసైన రోజే ఒక చెత్తకుండీని గుద్దేశాను. మళ్ళీ ముట్టుకోలేదు."

"ధైర్యం నేను నేర్పిస్తాను."

ఎవరో ఒకావిడ ఉన్న మనిషి దగ్గర సాయం తీసుకోవడం చిట్టికి మింగుడు పడలేదు. కానీ పిన్ని ఊపిరి తన పంతం కంటే పెద్దదనుకుని తాళాలు అందుకుంది.

వీధి చివర మూతపడిన షాపింగ్ మాల్ ఉంది. దాని పార్కింగ్ స్థలం ఆటస్థలమంత ఖాళీ. అక్కడ చిట్టి కారులో, లిఫ్టబ్బాయి బయట. ఇద్దరి మధ్యా స్పీకర్లో పెట్టిన ఫోను. ఈ తమాషా చూడాలన్న ఆశతో పిన్ని మొదటిసారి వీధి చివరి దాకా నడిచింది.

"క్లచ్ మెల్లిగా వదలండి. మెల్లిగా అన్నాను!"

కారు కప్పలా గెంతింది.

"పర్లేదు. ఇప్పుడు కుడివైపు తిప్పండి. కుడి అంటే నా వైపు కాదండీ! బాబోయ్!"

అతను కారు పక్కన పరుగెత్తడం ఆపి, కారు ముందు పరుగెత్తడం మొదలుపెట్టాడు.

"చిట్టీ!" పిన్ని అరుగు మీద కూర్చుని ఆయాసపడుతూ నవ్వుతోంది. "ఆ అబ్బాయిని గుద్దితే కుర్చీలెవరు వేస్తారే!"

బ్రేకు వేసి చిట్టి కళ్ళు తుడుచుకుంది. "నావల్ల కాదు. వదిలేద్దాం."

అతను అద్దానికి దూరంగా నిలబడి, రొప్పుతూ చెప్పాడు. "నేను లిఫ్టు గొయ్యిలో మొదటిసారి దిగినప్పుడు నా కాళ్ళు వణికాయండీ. మా సూపర్‌వైజరు ఒకటే అన్నాడు. వణికితే వణకనీ, పని ఆపకు అని. మీరూ వణకండి. కానీ క్లచ్ మెల్లిగా వదలండి."

చిట్టి ముక్కు చీది, మళ్ళీ తాళం తిప్పింది. ఆ సాయంత్రం పిన్నిని కారులో ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చింది తనే.

అలా షికార్లు మొదలయ్యాయి. జిల్లా దాటకూడదన్నారు కాబట్టి జిల్లాలోనే తిరిగారు. జలాశయం గట్టు, పాడుబడ్డ ఇటుకల బట్టీ, పళ్ళతోటల మధ్య మట్టిబాట. ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఎప్పుడూ చూడని చోట్లు. లిఫ్టబ్బాయి సైకిలు తొక్కుకుంటూ వెనక వచ్చి, పక్క బెంచీ మీద కూలబడేవాడు. ఆ బెంచీకీ ఈ బెంచీకీ మధ్య నియమం చెప్పినంత దూరం. కబుర్లకు మాత్రం ఏ నియమమూ అడ్డు రాలేదు.

ఒకసారి జలాశయం గట్టు మీద పిన్ని ఉండబట్టలేక అడిగింది. "ఆవిడని కూడా తీసుకురావచ్చు కదా బాబూ?"

"ఆవిడకి సైకిలెక్కడం రాదండీ" అన్నాడు అమాయకంగా.

చిట్టి లేచి నీళ్ళు చూడటానికి వెళ్ళిపోయింది. నీళ్ళలో చూడ్డానికేమీ లేదు. అయినా చాలాసేపు చూసింది.

చలికాలం ముదిరేసరికి కేసులు మళ్ళీ పెరిగాయి. జిల్లాల సరిహద్దులు మూసేస్తున్నారని వార్త వచ్చింది. అదే రోజు లిఫ్టబ్బాయి మెట్ల మలుపులో నిలబడి మరో వార్త చెప్పాడు. నదికి అవతల, పక్క జిల్లాలో కొత్తగా తెరుస్తున్న ఆసుపత్రికి అతన్ని పంపిస్తున్నారు. రోగుల మంచాలు పై అంతస్తులకు వెళ్ళాలంటే లిఫ్టులు ఆగకూడదు. సరిహద్దులు తెరిచేదాకా అతను అక్కడే ఉండాలి.

"ఎన్నాళ్ళు?" అంది చిట్టి.

"తెలీదండీ. వెళ్ళేముందు మిమ్మల్ని ఒక సాయం అడగాలి. ఆవిడని మీ చేతుల్లో పెట్టి వెళ్దామనుకుంటున్నాను."

ఇన్నాళ్ళ నుంచి అణచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "మీ ఆవిడని తెచ్చి నా చేతుల్లో పెడతారా? నేనేమన్నా మీకు..."

"మా ఆవిడేంటండీ!" అతను తెల్లబోయాడు. "ఇదివరకు నేనున్న ఇంటి ఓనరమ్మ. డెబ్బై దాటాయి ఆవిడకి."

చిట్టి మలుపులో ఉన్న కుర్చీలో కూలబడింది.

"ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు పని దొరకలేదు. అద్దె లేకుండానే ఆవిడ గది ఇచ్చారు. ఇప్పుడు ఆవిడకి చూపు తగ్గిపోతోంది. రోజూ కళ్ళలో చుక్కలు వెయ్యాలి. మరొకరిని ఇంట్లోకి రానివ్వరు. జత కట్టమన్నప్పుడు ఆవిడని వదిలేసి మీ ఇంటికి రాలేకపోయాను." అతని గొంతు తగ్గింది. "రావాలని ఎంత ఉన్నా. మీకప్పుడే చెప్పాను కదా, ఒకావిడ అని."

"ఒకావిడ అంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

చిట్టికి నవ్వూ, ఏడుపూ, అతన్ని కొట్టాలన్న కోపమూ కలిసి వచ్చాయి. "జిల్లా వదిలి వెళ్తుంటే జత మార్చుకోవచ్చట కదా. రేపే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళండి. చుక్కలు వెయ్యడం నాకు చేతనవును" అని మాత్రం అనగలిగింది.

మర్నాడు అతను ఆవిడకి చిట్టిని పరిచయం చేశాడు. బయల్దేరే రోజున, చెప్పవలసిన అసలు మాట చిట్టి గొంతులో ఉండగానే కంపెనీ వ్యాను వచ్చేసింది. అతను కారు తాళాలు మెట్ల రెయిలింగు మీద పెట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. సందు తిరిగేదాకా చూసి, చిట్టి తనని తాను తెలుగులోనే తిట్టుకుంది.

పెద్దావిడ గడుసుమనిషి. చిట్టి వేలు కనురెప్ప మీద పడగానే, "అతని చెయ్యి కంటే నీది తేలిక. అతను నా కళ్ళలో చుక్కలేస్తూ నీ కళ్ళ గురించి చెప్పేవాడు" అంది తన భాషలో. చుక్క గురితప్పి చెంప మీద పడింది.

పిన్నికీ ఆమెకీ ఒకరి భాష ఒకరికి పూర్తిగా రాదు. అయినా ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. వారం వారం షికారుకు ఇప్పుడు కారులో ముగ్గురు.

ఫోనులో లిఫ్టబ్బాయి రోజూ పలికేవాడు. ఏ లిఫ్టు ఆగింది, ఏ పేషెంటు ఇంటికెళ్ళాడు, అన్నీ చెప్పేవాడు. ఒకసారి మాటల్లో, నది మీద వంతెన మధ్య సరిహద్దు కంచె వేశారనీ, ఆదివారాల్లో రెండు వైపులవాళ్ళూ దాని దగ్గరికొచ్చి తమవాళ్ళని చూసుకుంటున్నారనీ అన్నాడు.

"అయితే ఈ ఆదివారం మేమొస్తున్నాం."

"వద్దు, వద్దు. ఆ రోడ్డు నిండా లారీలు. మీరు అంత దూరం ఎప్పుడూ నడపలేదు."

"వద్దన్నారు కదా, ఇక వచ్చితీరతాను" అని ఫోను పెట్టేసింది.

ఆదివారం సన్నటి వానలో బయలుదేరారు. పక్కనుంచి లారీ వెళ్ళినప్పుడల్లా కారు ఊగింది. చిట్టి చేతులు వణికాయి. స్టీరింగు మాత్రం వదల్లేదు. వెనకసీట్లో పెద్దావిడ ఏదో పాట అందుకుంది. పిన్ని ముందుసీట్లో కూర్చుని "పర్లేదమ్మా, పర్లేదు" అంటూనే ఉంది, ఎవరికి చెప్పుకుంటోందో తెలియదు.

కార్లన్నీ వంతెనకు చాలా ఇవతలే ఆపేశారు. అక్కడినుంచి నడవాలి. చిట్టి పిన్ని వైపు చూసింది.

"ఏం చూస్తావ్? పద" అని పిన్ని పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. ఒకరికి చూపు తక్కువ, ఒకరికి ఊపిరి తక్కువ. ఇద్దరూ కలిసి వంతెన సగం దాకా ఎక్కడా కూర్చోకుండా నడిచారు.

కంచె ఒకటి కాదు, రెండు. మధ్యలో ఖాళీ జాగా, అందులో ఇద్దరు పోలీసులు. ఇటు ఒక తాత, అటు అతని మనవలు. ఇటు ఒక భార్య, అటు భర్త. ఆ గుంపులో గొడుగు లేకుండా తడుస్తూ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ లిఫ్టబ్బాయి కనిపించాడు.

నది మీద గాలి హోరుమంటోంది. అతను చేతిలో ఫోను ఎత్తి చూపించాడు. చిట్టి అడ్డంగా తలూపింది.

"ఫోన్లో కాదు! ఫోన్లో చెప్పేదైతే ఇంత దూరం రానక్కర్లేదు!"

"ఏంటీ?"

"నాకు మీరంటే ఇష్టం!"

"ఏంటండీ? గాలి!"

"ఇష్టం! మీరంటే! నాకు!"

కంచెకు ఇటూ అటూ జనం తలలు తిప్పారు. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భాష అర్థం కాకపోయినా, వానలో తడుస్తూ ఎర్రబడ్డ మొహంతో ఒకమ్మాయి అంత గట్టిగా ఏం అరుస్తుందో అందరికీ తెలుసు.

అతను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ గౌరవాలతో సగం మాట గాల్లో పోతోంది! 'నువ్వు' అను!"

చిట్టి కంచె పట్టుకుని గుండెలనిండా ఊపిరి పీల్చింది. "నువ్వంటే ఇష్టం!"

"నాకూ! మొదటిసారి తిట్టిన్నాటి నుంచీ!"

"అయితే ఇందాక వినపడలేదా?"

"మొదటిసారే వినపడింది! ఇంకా వినాలనిపించింది!"

ఆమె ఏదో తిట్టబోయేలోగా పిన్ని పక్కనొచ్చి నిలబడింది. "ఈ అరుపులతో పనిజరగదు. వాళ్ళమ్మగారి నంబరు చెప్పమను."

అతను ఒక్కో అంకె అరిచాడు. వాటిని చిట్టి అందుకుని చెబుతుంటే పిన్ని ఫోను నొక్కింది. పలకరింపులయ్యాయి. సంగతి చెప్పింది. అవతలి మాట విని ఫోను చిట్టి చేతికిచ్చింది. "నీతోనే మాట్లాడతారట."

"ఏమ్మా" అంది ఒక నెమ్మదైన గొంతు. "వాడు నీ గురించి ఎప్పుడో చెప్పాడు. అడగడానికి ధైర్యం చాలట్లేదన్నాడు. ఇవాళ ఎలా అడిగాడు?"

"ఆయన అడగలేదు. నేనే అడిగానత్తయ్యా."

ఆ పిలుపు ఎలా వచ్చేసిందో చిట్టికే తెలియదు. ఫోనును చెవికి ఇంకాస్త అదిమి పట్టుకుంది.

"ఇంకోసారి పిలువమ్మా" అంది ఆ గొంతు, తడిగా.

"అత్తయ్యా."

"ఇంకేం కావాలి నాకు! దారులు తెరవనీ. ఇద్దరూ కలిసి నాకు కనపడండి."

కంచె అవతలినుంచి లిఫ్టబ్బాయి ఎగిరెగిరి అడుగుతున్నాడు. "అమ్మ ఏమంటోంది? ఏమంది?"

చిట్టి ఫోనును గుండెకు హత్తుకుని ఏడుస్తూ నవ్వుతోంది. పిన్ని ఆమెను పక్కకు జరిపింది. కంచె మీద రెండు చేతులూ ఆనించి, మాస్కులోంచే అరిచింది.

"సరే అన్నారు బాబూ! సరే అన్నారు!"

వంటగది దాకా నడిస్తే నిలబడిపోయిన మనిషి పెట్టిన ఆ కేక, గాలిని చీల్చుకుంటూ నది అవతలి ఒడ్డు దాకా వెళ్ళింది.